ఇంగ్లండులోని చారిత్రక కంట్రీ హౌస్‌లో హౌస్‌కీపర్ పని ఎలా ఉంటుంది? హోటల్ అనుభవం అక్కరకు వస్తుందా?

ప్రశ్న: కొత్త ఉద్యోగార్థి

అందరికీ నమస్కారం. నేను ఇంగ్లండులో ఒక పెద్ద హోటల్‌లో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజరుగా పనిచేస్తున్నాను. సందర్శకుల కోసం తెరిచి ఉంచే ఒక చారిత్రక కంట్రీ హౌస్‌లో (పూర్వం సంపన్న వంశాలవారు పల్లెపట్టున కట్టుకున్న పెద్ద భవనం) హౌస్‌కీపర్ కావాలన్న ప్రకటన ఈ మధ్య నా కంటపడింది. పాత భవనాలన్నా, వాటిలోని వస్తువులన్నా నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం కనుక దరఖాస్తు చేయాలని గట్టిగా అనుకుంటున్నాను. అయితే ఆ ప్రకటన చదివినకొద్దీ సందేహాలు పెరుగుతున్నాయి. ఊడ్చడం, తుడవడం గురించి అందులో ఒకటి రెండు వాక్యాలే ఉన్నాయి. మిగిలినదంతా వెలుతురును కొలవడం, గాలిలోని తేమను నమోదు చేయడం, పురుగుల మీద నిఘా, వస్తువుల జాబితా, అత్యవసర సమయంలో వస్తువులను బయటికి చేర్చే ప్రణాళిక వంటి విషయాలతో నిండి ఉంది.

ఇటువంటి భవనాలలో పనిచేసిన వారు గాని, వాటి చరిత్ర తెలిసిన వారు గాని ఇక్కడ ఉంటే దయచేసి వివరించండి. రోజువారీ పని నిజంగా ఏమిటి? హోటల్‌లో నేర్చుకున్నది అక్కడ ఉపయోగపడుతుందా, లేక అడ్డు వస్తుందా? పూర్వం ఈ భవనాలలో హౌస్‌కీపర్ అంటే ఎవరు, ఇప్పటి ఉద్యోగానికీ దానికీ సంబంధం ఏమైనా మిగిలి ఉందా?

జవాబు: ఉత్తరపు కిటికీ

నమస్కారమండీ. మీరు ప్రకటనను సరిగ్గానే చదివారు. నేను ఇటువంటి ఒక భవనంలో వస్తు సంరక్షణ బృందంలో చాలాకాలంగా ఉన్నాను కనుక మీ మొదటి రెండు ప్రశ్నలకు జవాబు చెప్పే ప్రయత్నం చేస్తాను.

హోటల్‌లో గది తళతళలాడితే పని పూర్తయినట్టు లెక్క. ఇక్కడ మాత్రం ఒక వస్తువును శుభ్రం చేసిన ప్రతిసారీ అది ఎంతో కొంత అరిగిపోతుందని గుర్తుపెట్టుకుని పని మొదలుపెట్టాలి. నల్లబడిన వెండి పళ్లేన్ని తోమినప్పుడు ఆ నలుపుతో పాటు సన్నని పొర వెండి కూడా పోతుంది. తరతరాలుగా తోముతూ వచ్చిన పళ్లేల మీద చెక్కిన వంశచిహ్నాలు చేతికి తగలనంతగా చదునైపోవడం, వెండి పూత పాత్రలలో అడుగున ఉన్న రాగి ఎర్రగా బయటపడడం మీరు చూస్తారు. అందువల్ల తోమడం బాగా తగ్గించి, గాలిలోని గంధక వాయువులను పీల్చుకునే ప్రత్యేకమైన గుడ్డలో, ఆమ్లం లేని కాగితంలో చుట్టి దాస్తాము. చెక్క సామాను మీద మైనపు పాలిష్ ఏడాదికి ఒకసారి వేస్తే చాలా ఎక్కువ. సిలికాన్ ఉన్న స్ప్రేలను అసలు దగ్గరికి రానివ్వము. మీ చేతికి అలవాటైన స్ప్రే సీసా, తడిగుడ్డ, బ్లీచు ఈ గదుల్లోకి రావు. వదులుకోవడానికి అన్నిటికంటే కష్టమైన అలవాటు ఇదేనని హోటళ్ల నుంచి వచ్చిన నా సహోద్యోగులు అంటుంటారు.

రోజు మొదలయ్యేది వెలుతురుతో. సందర్శకులు రావడానికి ముందు కిటికీల చెక్క తలుపులు తెరిచి, ఒక్కొక్క గదిలో సూర్యుడు ఏ వైపున ఉన్నాడో చూసి బ్లైండ్లను దించుతాము. పట్టు, ఉన్ని, నీటిరంగుల చిత్రాలు ఉన్న చోట వెలుగు 50 లక్స్ (వెలుగు తీవ్రతకు కొలమానం) దాటకుండా, తైలవర్ణ చిత్రాలూ చెక్క సామానూ ఉన్న చోట 200 లక్స్ దాటకుండా మీటరుతో కొలుచుకుంటూ సర్దుతాము. వెలుగు చేసే నష్టం కూడుతూ పోతుందే తప్ప ఒకసారి జరిగాక దాన్ని సరిదిద్దలేము. అందుకే సున్నితమైన వస్తువులకు ఏడాది మొత్తానికి ఇన్ని లక్స్ గంటలని ఒక పరిమితి పెట్టుకుంటారు. 50 లక్స్ చొప్పున 3,000 గంటలు, అంటే 1,50,000 లక్స్ గంటలు, సాధారణంగా వాడే లెక్క. సందర్శన వేళ ముగిశాక కిటికీ తలుపులు మూసేయాలి.

ఈ జాగ్రత్త ఎందుకో తెలియాలంటే డెర్బీషైర్‌లోని కాల్క్ ఆబీకి వెళ్లి అక్కడి రాచ మంచాన్ని చూడండి. 1985లో ఆ భవనం, చారిత్రక స్థలాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతికి వచ్చినప్పుడు, ఆ మంచం చుట్టూ కట్టే 18వ శతాబ్దపు చైనా పట్టు తెరలు పెట్టెల్లోనే ఉండిపోయిన స్థితిలో దొరికాయి. ఎవరూ వాటిని బిగించి ఎండకు చూపలేదు కనుక వాటి రంగులు తొలినాటి వన్నెతో ఉన్నాయి. తక్కిన భవనాల్లోని తెరలు కూడా ఒకప్పుడు అంత రంగుగానే ఉండేవన్న మాట ఆ మంచం ముందు నిలబడితే గాని నమ్మబుద్ధి కాదు. ఇప్పుడు దాన్ని గాజు గోడ వెనుక, మసక వెలుగులో ఉంచారు.

ఇక దుమ్ము. అందులో ఎక్కువ భాగం సందర్శకుల దుస్తుల నూలుపోగులు, చర్మపు పొట్టు, చెప్పులతో వచ్చే మట్టి. నడిచే దారికి దగ్గరగా ఉన్న వస్తువుల మీద అది త్వరగా పడుతుంది. అడ్డుతాడును కాస్త వెనక్కి జరిపితేనే తేడా కనిపిస్తుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు దుమ్ము గట్టిపడి అంటుకుపోతుంది కనుక పూర్తిగా వదిలేయడమూ తప్పే. ఎంతకాలానికి ఒకసారి తీయాలో ప్రతి వస్తువుకూ విడిగా నిర్ణయిస్తారు. తీసే పద్ధతి ఇది: పోనీ గుర్రపు వెంట్రుకల మెత్తని కుంచెతో దుమ్మును మెల్లగా లేపి, మరో చేతిలో ఉన్న వాక్యూమ్ గొట్టం వైపు తోస్తాము. ఏదైనా చిన్న ముక్క ఊడితే యంత్రంలోకి పోకుండా గొట్టం మూతికి సన్నని వల కడతాము, కుంచెకున్న లోహపు పట్టీ వస్తువును గీకకుండా దానికి టేపు చుడతాము. ఈకల కట్టను వాడము, ఎందుకంటే విరిగిన ఈక కాడ బంగారు పూతను గీకుతుంది. పింగాణీని పట్టుకునేటప్పుడు నూలు చేతితొడుగులు వేసుకోము, అవి జారతాయి. కడుక్కుని ఆరబెట్టుకున్న వట్టి చేతులే మేలు. లోహాలకు మాత్రం నైట్రైల్ (పలుచని కృత్రిమ రబ్బరు) తొడుగులు తప్పనిసరి, ఎందుకంటే చెమటలోని ఉప్పు వేలిముద్రగా లోహంలో మిగిలిపోతుంది.

మీ హోటల్ అనుభవం తప్పకుండా అక్కరకు వస్తుంది. సమయం ప్రకారం గదులు సిద్ధం చేయడం, బృందానికి పని పంచడం, గదిలో ఏదైనా స్థానం మారితే వెంటనే పసిగట్టే చూపు, ఇవి నేర్పితే వచ్చేవి కావు. చేతి వేగాన్ని మాత్రం తగ్గించుకోవాలి.

జవాబు: చరిత్ర విద్యార్థిని

మూడో ప్రశ్నకు నేను జవాబు రాస్తాను, ఎందుకంటే పై జవాబులోని వెలుతురు లెక్కకు పూర్వచరిత్ర ఉంది. కెంట్‌లోని మెయిడ్‌స్టన్ దగ్గర కాగితపు తయారీదారు జేమ్స్ వాట్‌మన్‌ను 1776లో పెళ్లాడిన సుసానా వాట్‌మన్, ఇంట్లో పనివారి కోసం సూచనలు రాసిపెట్టుకున్నారు. ఏ గదిలోకి ఏ వేళకు ఎండ వస్తుంది, అప్పుడు ఏ బ్లైండు దించాలి అన్నది అందులో గది గదికీ ఉంటుంది. లక్స్ మీటరు లేని రోజుల్లో ఆమె కంటితో చూసి చెప్పిన పనినే నేటి హౌస్‌కీపర్లు యంత్రంతో చేస్తున్నారు.

పూర్వపు హౌస్‌కీపర్ ఇంటి ఆడ పనివారందరికీ పెద్ద. బట్టల గది, పింగాణీ గది, మందులూ మురబ్బాలూ తయారుచేసే స్టిల్ రూమ్ ఆమె అధీనంలో ఉండేవి; ఆ తాళపుచెవుల గుత్తి నడుముకు ఉండడమే ఆమె హోదాకు గుర్తు. పెళ్లి కాకపోయినా ఆమెను మిసెస్ అని పిలిచేవారు. ఇంత బాధ్యత ఉన్నా ఆమె జీతం సాధారణంగా మగ పనివారికి పెద్దయిన బట్లర్ జీతం కంటే తక్కువగానే ఉండేది, అది నాకు ఎప్పుడూ బాధ కలిగించే విషయం. చెషైర్‌లోని ఆర్లీ హాల్‌లో హౌస్‌కీపర్‌గా పనిచేసిన ఎలిజబెత్ రాఫల్డ్ ఆ అనుభవంతోనే మాంచెస్టర్‌లో వ్యాపారం నడిపి, 1769లో వంట, గృహనిర్వహణల మీద పుస్తకం అచ్చువేయించారు. అలా బయటపడి సొంత పేరు సంపాదించుకున్నవారు అరుదు. రచయిత హెచ్.జి.వెల్స్ తల్లి సారా వెల్స్ 1880 నుంచి 1893 వరకు ససెక్స్‌లోని అప్‌పార్క్‌లో హౌస్‌కీపర్‌గా ఉన్నారు. కొడుకు ప్రసిద్ధుడు కాకపోతే ఆమె పేరు కూడా ఇంటి లెక్కల పుస్తకాల్లోనే ఉండిపోయేది.

ఇంకొక విషయం చాలామందికి తెలియదు. భవనాన్ని చూడవచ్చిన అపరిచితులను వెంటబెట్టుకుని తిప్పి చూపించడం కూడా ఆ రోజుల్లో హౌస్‌కీపర్ పనే, వారిచ్చే బహుమానం ఆమెకు అదనపు రాబడి. డెర్బీషైర్‌లోని కెడిల్‌స్టన్ హాల్‌లో మిసెస్ గార్నెట్ అనే హౌస్‌కీపర్ చిత్రపటం ఉంది. థామస్ బార్బర్ చిత్రించిన ఆ పటంలో ఆమె చేతిలో ఆ ఇంటి చిత్రాల జాబితా పుస్తకం కనిపిస్తుంది. పనిమనిషికి పటం గీయించడమే అరుదైన కాలంలో, ఇంటి వస్తువులు తెలిసిన మనిషిగా ఆమెను చూపించారు. మీరు చదివిన ప్రకటనలోని 'వస్తువుల జాబితా' అన్న మాట ఆమె చేతిలోని పుస్తకాన్నే గుర్తుచేస్తుంది.

ఈ పరంపర 20వ శతాబ్దంలో తెగిపోయింది. రెండు ప్రపంచయుద్ధాల తర్వాత పనివారు దొరకలేదు, వారసత్వ పన్ను భారం పెరిగింది, ఎన్నో భవనాలను కూల్చివేశారు. 1895లో ఏర్పడిన నేషనల్ ట్రస్ట్, 1937 నాటి చట్టం ఇచ్చిన వీలుతో ఇటువంటి భవనాలను వాటిలోని వస్తువులతో సహా స్వీకరించడం మొదలుపెట్టింది. అప్పుడు తెలిసివచ్చిందేమిటంటే, గోడలూ కప్పూ మిగిలినా వాటిలోని వస్తువులను ఎలా చూసుకోవాలో తెలిసిన చేతులు పోయాయి. ఇప్పటి శిక్షణ అంతా ఆ పోయిన విద్యను కొంత పాత కాగితాల నుంచి, కొంత శాస్త్రం నుంచి తిరిగి కూడగట్టుకున్నదే.

ప్రశ్న అడిగినవారు: కొత్త ఉద్యోగార్థి

ఇద్దరికీ కృతజ్ఞతలు. పురుగుల నిఘా గురించి ఇంకొంచెం చెప్పగలరా? హోటల్‌లో అయితే పురుగు కనిపించగానే మందు కొట్టే సంస్థకు కబురు చేస్తాము. అలాగే చలికాలంలో భవనం మూసి ఉన్నప్పుడు హౌస్‌కీపర్‌కు పని ఉంటుందా?

జవాబు: చలికాలపు కాపరి

చలికాలంలోనే పని ఎక్కువండీ. నేను ఈ ఉద్యోగం చేసి విరమించుకున్నాను. సందర్శకులు లేని ఆ నెలల కోసమే ఏడాదంతా ఎదురుచూసేదాన్ని, ఎందుకంటే వస్తువులను తీరిగ్గా చూసే అవకాశం అప్పుడే దొరుకుతుంది. కొన్ని భవనాలు ఇప్పుడు ఏడాదంతా తెరిచి ఉంటున్నాయి. అక్కడ ఇదే పనిని ఒక్కొక్క గది మూసుకుంటూ చేస్తారు.

ముందు తేమ సంగతి చెప్పాలి, పురుగులకు మూలం అక్కడే ఉంది. ఇటువంటి భవనాల్లో హీటింగును మనుషుల వెచ్చదనం కోసం నడపరు. గాలిలోని సాపేక్ష తేమ 50 నుంచి 65 శాతం మధ్య ఉండేలా, తేమను కొలిచే పరికరమే హీటింగును ఆన్ చేసి ఆపేస్తుంది. తేమ బాగా తగ్గితే చెక్క ముడుచుకుని పగుళ్లు వస్తాయి, అతికించిన పలుచని చెక్కపొరలు లేస్తాయి. 65 శాతం దాటి చాలాకాలం నిలిస్తే బూజు పడుతుంది, పురుగులు పెరుగుతాయి. దీనివల్ల జనవరిలో మీరు పనిచేసే గది చాలా చల్లగా ఉంటుంది. లోపల వేసుకోవడానికి మంచి ఉన్ని దుస్తులు సిద్ధం చేసుకోండి.

పురుగులలో చిమ్మట మొదటి శత్రువు. నష్టం చేసేది ఎగిరే చిమ్మట కాదు, దాని పిల్లపురుగు. ఉన్ని, ఈకలు, బొచ్చు, అప్పుడప్పుడు పట్టు కూడా తింటుంది. కార్పెట్ బీటిల్ పిల్లపురుగులు కూడా ఇంచుమించు ఇంతే. కిటికీ గట్టు మీద చచ్చి పడిన ఈగలు, పొగగొట్టంలోని పాత పక్షిగూళ్లు వీటికి మేత, కాబట్టి అవి పేరుకోకుండా చూడడమే మందు కొట్టడం కంటే ముఖ్యమైన పని. జిగురు ఉచ్చులను గది మూలల్లో నేల మీద పెట్టి, మూడు నెలలకు ఒకసారి తీసి, పడిన ప్రతి పురుగునూ భూతద్దంతో చూసి పేరు రాసుకోవాలి. ఒక గదిలో సంఖ్య పెరుగుతోందంటే కార్పెట్ అంచు ఎత్తి, బరువైన బీరువాను జరిపి వెతకాలి. చీకటిగా, ఎవరూ కదిలించకుండా ఉండే చోటే వాటి కాపురం. పురుగు పట్టిన వస్త్రాన్ని గాలి చొరని పాలిథీన్‌లో చుట్టి మైనస్ 30 డిగ్రీల చలిలో మూడు రోజులు ఉంచితే గుడ్లతో సహా చస్తాయి. ఏ వస్తువును ఇలా చలిలో పెట్టవచ్చో, దేన్ని పెట్టకూడదో సంరక్షకులు, అంటే పాత వస్తువులను బాగుచేసి కాపాడే నిపుణులు, చెప్పాలి. 2021లో నార్ఫోక్‌లోని బ్లిక్లింగ్ హాల్‌లో నేషనల్ ట్రస్ట్ మరో పద్ధతిని పరీక్షించింది. చిమ్మట గుడ్లలోనే తన గుడ్లు పెట్టే, కంటికి ఆననంత చిన్న కందిరీగ జాతిని గదుల్లో వదిలారు. అప్పట్లో ఆ వార్త చదివి నవ్వినవాళ్లున్నారు కానీ, విషపు మందు వేయలేని పాత పట్టు పక్కన ఇటువంటి ప్రయత్నం ఎంత అవసరమో ఆ గదుల్లో పనిచేసినవారికి తెలుసు.

ఈ భయం కొత్తది కాదు. డెర్బీషైర్‌లోని హార్డ్‌విక్ హాల్ కట్టించిన బెస్ అనే ప్రభు వంశపు స్త్రీ, 1601లో ఇంటి వస్తువుల జాబితా రాయించినప్పుడు, తన వారసులు వాటిని తడి నుంచి, చిమ్మట నుంచి కాపాడాలని వీలునామాలో కోరింది. అక్కడి, బైబిల్‌లోని గిడియాన్ కథ నేసిన 13 టేపెస్ట్రీ తెరలను ఒక్కొక్కటిగా దించి, శుభ్రపరిచి, బలహీనపడిన చోట కుట్టి నిలబెట్టే పని 1999లో మొదలై 2023లో పూర్తయింది. కుట్టడం నిపుణుల పని. తిరిగి వేలాడదీశాక అవి మళ్లీ ఆ స్థితికి రాకుండా చూసేది హౌస్‌కీపర్.

చలికాలంలో గది మూసే ముందు ప్రతి వస్తువునూ పరీక్షించి, నిరుటి నమోదుతో పోల్చి, మారినదేమిటో రాస్తాము. కొత్త పగులు, ఊడిన పూత ముక్క, చెక్క కింద పడిన సన్నని పొడి, ఏది కనిపించినా తేదీతో రాయాలి. పుస్తకాలను అర మీది నుంచి తీసేటప్పుడు వెన్ను పైభాగాన్ని వేలితో లాగకూడదు, ఇరుపక్కల పుస్తకాలను కాస్త లోపలికి తోసి మధ్యలోదాన్ని నడుము దగ్గర పట్టుకోవాలి. గట్టిగా మూసి పట్టుకునే పై అంచు దుమ్మును దులపాలి. చివరగా కుర్చీలకూ బల్లలకూ వాటి కొలతకు కుట్టిన గుడ్డ తొడుగులు వేసి, కిటికీ తలుపులు బిగిస్తాము.

జవాబు: ససెక్స్ పాఠకుడు

సందర్శకుడిగా ఒక మాట. గదులు మరీ చీకటిగా ఉన్నాయని, గోడ మీది చిత్రం సరిగ్గా కనిపించడం లేదని నాలాంటివారు ఫిర్యాదు చేయడం న్యాయమేనని ఇప్పటికీ అనుకుంటాను. వస్తువును 200 ఏళ్లు కాపాడి ఎవరికీ కనిపించకుండా చేస్తే ఎవరికి లాభం? సమాధానం తెలిసినవారు చెప్పాలి.

జవాబు: ఉత్తరపు కిటికీ

మీ ఫిర్యాదు న్యాయమైనదే, దానికి జవాబు చెప్పవలసినది కూడా హౌస్‌కీపరే. గదిలోకి అడుగుపెట్టిన మనిషి కంటికి మసక వెలుగు అలవాటు కావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, కాబట్టి ఎండ వెలుగున్న గది పక్కనే 50 లక్స్ గదిని పెట్టకుండా, దారిలో వెలుగు క్రమంగా తగ్గేలా బ్లైండ్లను సర్దాలి. గదిలో నిలబడినవారికి ఎందుకు చీకటిగా ఉందో చెబితే చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. చెప్పకుండా ఊరుకుంటే నిర్లక్ష్యం అనుకుంటారు. కొన్ని భవనాల్లో కుర్చీ మీద తొడుగు కింద దాగి ఉన్న అసలు రంగును, ఎండకు వెలిసిన రంగును పక్కపక్కన చూపిస్తారు. అది వంద మాటల కంటే బాగా పనిచేస్తుంది.

ప్రశ్న అడిగినవారికి మరొక విషయం. ప్రకటనలోని అత్యవసర ప్రణాళికను తేలికగా తీసుకోకండి. 1989 ఆగస్టు 30న అప్‌పార్క్ కప్పు మీద సీసపు పని చేస్తున్నప్పుడు నిప్పంటుకుంది. పైఅంతస్తులు కాలిపోయినా, సిబ్బందీ పూర్వ యజమానుల కుటుంబమూ అగ్నిమాపక దళమూ చేతులు కలిపి కింది గదుల్లోని వస్తువుల్లో ఎక్కువ భాగాన్ని బయటికి తేగలిగారు. భవనాన్ని బాగుచేసి 1995లో తిరిగి తెరిచారు. 2015 ఏప్రిల్ 29న సర్రేలోని క్లాండన్ పార్క్‌లో నేలమాళిగలోని విద్యుత్ పంపిణీ బోర్డు లోపం నుంచి మంటలు రేగి లోపలి గదులు దాదాపు పూర్తిగా పోయాయి. ఏ గదిలో ఏ వస్తువును ముందు తీయాలి, దానికి ఎంతమంది కావాలి, ఏ పనిముట్టుతో గోడ నుంచి విప్పాలి అన్నవి ఒక్కొక్క వస్తువుకూ ఒక కాగితం మీద ముందే రాసి ఉంచాలి. మంట మధ్యలో ఆ గది ఎన్నడూ చూడని అగ్నిమాపక సిబ్బంది ఆ కాగితం పట్టుకుని లోపలికి వెళతారు. వస్తువు చోటు మారిన రోజే ఆ కాగితాన్ని మార్చడం హౌస్‌కీపర్ బాధ్యత.

ఇంటర్వ్యూలో మీ చేతికి ఒక వస్తువునో దాని ఫోటోనో ఇచ్చి దాని స్థితిని వర్ణించమని అడిగే అవకాశం ఉంది. 'పాతది, మురికిగా ఉంది' అని చెప్పకండి. ఏ పదార్థంతో చేసినదిగా కనిపిస్తోంది, నష్టం ఏ భాగంలో ఉంది, అది పాతదా కొత్తదా, పగులు అంచుల్లో దుమ్ము నిండి ఉందా లేక తాజాగా తెల్లగా ఉందా, ఇవి వరుసగా చెప్పండి. దాన్ని ఎలా శుభ్రం చేస్తారని అడిగితే, ముందు నమోదు పుస్తకం చూసి, సంరక్షకులను సంప్రదించి గాని చేయి వేయనని చెప్పండి.